మధ్యలో ఆమేన్

పోయిన శనివారం ఉపవాస ప్రార్థనలో ఒకాయన కళ్ళు గట్టిగా మూసుకుని, గొంతు కాస్త వణికించి, "ప్రభువా, మా అయ్యగారికి సమయపాలన దయచేయుము" అన్నాడు. అన్నాక ఒక్క క్షణం ఆగాడు. భయంతోనే ఆగాడు. ఆ సందులో ఒక మాట పడాలి. ఏళ్ళ తరబడి మా చర్చిలో ఆ సందులో ఆ మాట పడేది. పడలేదు. కళ్ళు తెరిచి ఆడవాళ్ళ వైపు, చాప చివర గోడకు ఆనుకునే చోటికి చూశాను. అక్కడ ఎవరో పసిపిల్లను పడుకోబెట్టి ఉన్నారు. పెద్దమ్మ చనిపోయి రెండు నెలలైందని ప్రార్థన చేసే ఆయనకు నాకంటే ముందే గుర్తొచ్చినట్టుంది, ధైర్యంగా రెండో విన్నపానికి దిగాడు. అది అయ్యగారి పాట గురించి.

తెలియనివాళ్ళకు చెప్పాలి. మా సంఘంలో పాస్టరు గారిని ఎవరూ విమర్శించరు. ఆయన కోసం ప్రార్థిస్తారు, అంతే. "ఆయనకు వినయం నేర్పుము తండ్రీ", "పేదవారి ఇండ్లను కూడా దర్శించు మనస్సును ఇమ్ము దేవా", ఇలాంటివి. విన్నపం పైకి వెళ్ళి, అక్కడి నుంచి సూటిగా అయ్యగారి నెత్తి మీద పడుతుంది. ప్రార్థన కాబట్టి ఆయన జవాబు చెప్పలేడు. మోకాళ్ళ మీద ఉన్నాడు కాబట్టి లేచి పోలేడు. ఇంత క్షేమమైన పద్ధతి చదువుకున్న మా కాలేజీ వాళ్ళకు కూడా తట్టలేదు.

పెద్దమ్మ ఈ పద్ధతికి మందు కనిపెట్టింది. ఊరంతా ఆమెను అక్కా అనేవాళ్ళు, నేను పెద్దమ్మా అనేవాణ్ణి. విన్నపం వంకర తిరగ్గానే "ఆమేన్" అనేది. గట్టిగా, నిదానంగా, ఇక లేచి చాపలు చుట్టుకోవచ్చన్నట్టుగా. ఆమేన్ వినపడితే ఆమేన్ అనడం జనానికి చిన్నప్పటి అలవాటు. చర్చి మొత్తం ఒక్క గొంతుతో "ఆమేన్" అనేది. ప్రార్థన అయిపోయేది. సగం వాక్యం నోట్లో పెట్టుకుని ఆ మనిషి ఒక్కడే మోకాళ్ళ మీద మిగిలేవాడు.

"ఆయన ఇంకా ముగించలేదు కదా పెద్దమ్మా" అన్నాను ఒకసారి.

"ముగించలా. నేను ముగించినా" అంది.

విడవలూరుకు తూర్పున, ఉప్పుగాలికి కిటికీ ఊచలు కూడా పొరలు పొరలుగా రాలిపోయే ఊరు మాది. చర్చికి ఎదురు వరసలో ఆమె ఇల్లు. వసారాలో పొద్దున పూట పులిసిన పిండితో పులిబొంగరాలు వేసి అమ్మేది. వాటి గురించి నెల్లూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పినా ప్రయోజనం లేదు. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠం చెబుతాను. పిల్లలు వింటారని చెప్పను. శని, ఆదివారాలు ఊళ్ళో ఉండి, సోమవారం పొద్దున బస్సుకు ముందు ఆమె వసారాలో తినేవాణ్ణి. ఎమ్మే చదివినందుకు గౌరవంగా సంఘం నాకు మైకు చూసుకునే పని అప్పగించింది. మోయడం, చార్జింగ్ పెట్టడం, కూత పెడితే దాని గొంతు నొక్కడం. ఎమ్మేకు తగిన పనే.

ఆదివారం చర్చిలో ఒక ప్రసంగం జరిగితే, సోమవారం ఆ వసారాలో దాని శవపరీక్ష జరిగేది. బెంచీ మీద కూర్చున్నవాడు ప్లేటు చేతిలోకి తీసుకుని మొదలుపెట్టేవాడు.

"నిన్న అయ్యగారి ప్రసంగం యేందక్కా అది. నోవహు ఓడెక్కినోడు ఎక్కినట్టే ఉండాడు. దించలేదే ఆయన్ని."

చట్నీ గరిటె గాల్లో ఆగేది.

"ఆయన కోసం ప్రార్థన చేసినావా?"

"యాడక్కా, మాట్లాడుకుంటా ఉంటే..."

"చేసిరా పో. చట్నీ యాడికీ పోదు."

అతను నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. గరిటె దిగేది కాదు. కాసేపటికి అతను కళ్ళు మూసుకుని పెదాలు కదిలించేవాడు. కళ్ళు తెరిచేసరికి ప్లేట్లో చట్నీ ఉండేది. మా ఊరి మగవాళ్ళ భక్తిలో ఆ చట్నీ వాటా ఎంతో నేను లెక్క కట్టలేదు గానీ, తక్కువేమీ కాదు.

ఒకరోజు పోర్టులో పనిచేసే కుర్రాడు ఆమెను ఇరుకున పెట్టాలని చూశాడు. "అయితే అక్కా, అయ్యగారు దొంగతనం చేసినా మేం గమ్మున ఉండాల్నా?"

ఆమె మూకుడులో నుంచి కన్ను తీయలేదు. "దొంగతనం చేస్తే స్టేషనుకు పో. నేనూ వస్తా నీకు తోడు. తప్పు చేస్తే ఆయన ఇంటికి పో. పాట బాలేదంటావా, మోకాళ్ళ మీదికి పో. ఈ మూడిట్లో నా వసారా యాడుంది అబ్బయ్యా?"

మా అయ్యగారి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఈ మాటలు ఆమె ఉండగా చెప్పి ఉంటే నాకు చట్నీ ఉండేది కాదు. ఆయన మంచివాడు. పాడకపోతే ఇంకా మంచివాడు. ప్రసంగంలో ఒక చోట మొదలై, మూడు చోట్లకు వెళ్ళి, నాలుగో చోట ఆగేవాడు. ఒక ఆదివారం ఆయన ప్రసంగం మధ్యలో శ్రీహరికోట నుంచి రాకెట్ లేచింది. ఎవరో బయట కేకేశారు. ముందు పిల్లలు, వాళ్ళను పట్టుకోవడానికి తల్లులు, వాళ్ళను పిలుచుకురావడానికి తండ్రులు, ఇలా సంఘమంతా బాధ్యతగా బయటికి వెళ్ళిపోయింది. మైకు నా చేతిలో పని కాబట్టి నేను వాకిలి దాకానే వెళ్ళాను. దక్షిణం వైపు ఆకాశంలో తెల్లటి గీత. లోపల అయ్యగారు ప్రసంగం ఆపలేదు. పెద్దమ్మ ఒక్కతే చాప చివర కూర్చుని తల ఊపుతూ వింటోంది. ఆయన ఆమె వంక చూస్తూ, "కాబట్టి ప్రియులారా" అన్నాడు.

"రాకెట్ చూడలేదే పెద్దమ్మా" అన్నాను తర్వాత.

"అది మళ్ళా పోతాది. ఆయన ఆ మాట మళ్ళా చెప్తాడా?"

చెప్పారు. మరుసటి ఆదివారమే చెప్పారు. ఆమె మళ్ళీ తల ఊపుతూ విన్నది.

అందుకని ఊళ్ళో ఆమెకు 'అయ్యగారి మనిషి' అని పేరు. మా కాలేజీలో ఒక సహోద్యోగికి ఈ కథలు చెబితే, "ఇది వ్యక్తిపూజ గురూ, ప్రశ్నించడం నేర్పాలి వీళ్ళకు" అన్నాడు. ఆయన మా ప్రిన్సిపాల్ గారిని రోజూ స్టాఫ్ రూములో ప్రశ్నిస్తాడు, ప్రిన్సిపాల్ గారు లేనప్పుడు. ఆయన వస్తే లేచి నిలబడి కుర్చీ చూపిస్తాడు. ఇలాంటి ప్రశ్నలు మా ఊళ్ళో కూడా బోలెడున్నాయి, నేర్పక్కర్లేదు. నేను పెద్దమ్మ పక్షమే. అప్పుడు పూర్తిగా కాదేమో గానీ ఇప్పుడు పూర్తిగా. ఎందుకో చెబుతాను.

మా సంఘపెద్దకు రొయ్యల గుంటలున్నాయి. మా వైపు గుంటలో రొయ్యపిల్ల వదిలేటప్పుడు ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుచుకుంటారు. సంఘపెద్ద అయ్యగారిని పిలుచుకున్నాడు. గట్టు మీద షామియానా వేసి, కుర్చీలు పరిచారు. మైకు నేనే మోశాను. అయ్యగారు నీళ్ళ వైపు చేతులు చాపి, ఉత్సాహంలో, "ఈ రొయ్యలు సముద్రపు ఇసుక రేణువులవలె విస్తరించునుగాక" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. పక్క గుంట ఆసామి రోడ్డవతల కొత్తగా పెట్టిన ప్రార్థన మందిరానికి వెళతాడు. వాళ్ళ పాస్టరు వచ్చి, కీబోర్డుతో సహా, ఆ గుంటకు ప్రార్థన చేసి వెళ్ళాడు.

మర్నాడు మైకు బ్యాటరీ కోసం అయ్యగారి ఇంటికి వెళ్ళాను. చర్చి పక్కనే సంఘం కట్టించిన రెండు గదుల ఇల్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పెద్దమ్మ గొంతు. నేను గడప దగ్గరే ఆగిపోయాను. మర్యాదకు ఆగానని అనుకోండి.

"ఇసుక రేణువులని ఎందుకన్నారయ్యగారూ? దేవుడు మీకు చెప్పినాడా?"

"ఆశీర్వాదం కదమ్మా..."

"ఆశీర్వాదం గాదు. మాటిచ్చినారు. మీ చేతిలో లేనిదానికి మాటిచ్చినారు. రేపు ఆ రొయ్య చస్తే మీ దేవుడు చచ్చినాడంటారు వాళ్ళు."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఇంకోటి. పెద్దాయన కబురు పెడితే ఆ పూటే గుంటకాడికి పొయ్యినారు. వలలు అల్లే ఆ ఆడమనిషి జొరంతో పడుండి కబురు పెడితే రెండు దినాలకు పొయ్యినారు. మనిషి ముందా, రొయ్య ముందా?"

"తప్పేనమ్మా."

"నాతో అనొద్దు. ఆమెతో అనండి. ప్రసంగం గూడా, మీరు చెప్పేది మూడు ప్రసంగాలు. ఒకటి చెప్పండి, రెండు దాచుకోండి. వారం వారం వెతుక్కునే పని తప్పుతాది మీకు."

 తలుపు సందులోంచి చూశాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, నేల మీద మోకరించి, తల వంచింది. "ఇప్పుడు నాకు ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అంది, అంతసేపూ తిట్టింది వేరే ఎవరో అన్నంత మెత్తగా. ఆయన చెయ్యి చాపాడు. ఆమె తల మీద పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు.

బయటికి వచ్చి నన్ను చూసింది.

"విన్నావా?"

"లేదు పెద్దమ్మా."

"విన్నావులే. యాడన్నా నోరు జారినావో, బస్సెక్కేముందు నీకు నీళ్ళు గూడా ఇయ్యను."

అయ్యగారు ఆ సాయంత్రమే వలలామె ఇంటికి వెళ్ళారని తర్వాత తెలిసింది. ప్రసంగం రెండుకు తగ్గింది. ఒకటికి రావడానికి ఇంకా సమయం పట్టేలా ఉంది.

పంట చేతికొచ్చే ముందు సంఘపెద్ద గుంటలో తెల్లమచ్చ తెగులు దిగింది. రొయ్యలు గట్ల వెంబడి తేలాయి. పక్క గుంటలో, అంటే కీబోర్డు గుంటలో, ఏమీ కాలేదు. నీళ్ళు, గాలి, పిల్ల తెచ్చిన చోటు, కాకులు, ఇలా సవాలక్ష కారణాలుండొచ్చు. మా సంఘానికి ఒకటే తోచింది: అయ్యగారి ప్రార్థనలో బలం లేదు. గట్టు మీద ఇద్దరు పాస్టర్లకు పోటీ పెట్టి రొయ్యలతో తీర్పు చెప్పించుకున్న సంఘం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

అయ్యగారిని పంపేయాలన్నారు. మాది ఏ పెద్ద మిషనుకూ చెందని చర్చి. పై నుంచి బదిలీ చేసేవాళ్ళు లేరు, ఇంకో ఊరు చూపించేవాళ్ళూ లేరు. సంఘం పొమ్మంటే ఆ రెండు గదులూ ఖాళీ చేసి పోవలసిందే. ఆయన కూతురు అప్పుడు పదో తరగతి చదువుతోంది. ఎక్కడికి పోతారన్న మాట ఎవరూ ఎత్తలేదు.

పెద్దమ్మ ఎత్తింది. వసారాలోనే, సంఘపెద్ద తమ్ముడి మొహం మీదే. "రొయ్యకు దినం పెట్టుకోండి. మనిషినెందుకు చంపుతారు?" అంది. మర్నాటి నుంచి సంఘపెద్ద మనుషులు ఆ వసారాకు రావడం మానేశారు. వాళ్ళను చూసి మరికొందరు. ఒక సోమవారం బెంచీ మీద నేనొక్కణ్ణే కూర్చున్నాను.

"కొంచెం తగ్గి మాట్లాడకూడదా పెద్దమ్మా? అంగడి మూసుకోవాల్సి వస్తుందేమో" అన్నాను.

"తగ్గితే ఆయన ఇల్లు మూసుకుంటాడు. నువ్వు ఇంకో నాలుగు తిను."

తిన్నాను. అన్యాయాన్ని ఎదిరించడానికి ఆ రోజు నేను చేసింది అదే.

ఆదివారం ఆరాధన అయ్యాక కూటం పెట్టారు. అయ్యగారిని ఇంట్లో ఉండమన్నారు. సంఘపెద్ద లేచి నా చేతిలో మైకు అందుకున్నాడు.

"అయ్యగారి మీద మనకు కోపం లేదు. ప్రేమే ఉండాది. ఆ ప్రేమతోనే ఆయన్ని పంపిద్దాం."

ప్రేమ అనే మాట రాగానే వ్యవహారం తేలిపోయిందని నాకు అర్థమైంది.

"ఆయన ప్రార్థన చేసిన గుంట మీరే చూసినారు. సంఘం గూడా అట్టాగే అయ్యేదాకా గమ్మున ఉందామా? పంపేదానికి ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తండి."

"ఉండు" అంది పెద్దమ్మ. లేచి నిలబడింది. నేను మైకు తీసుకుని వెళ్ళబోతే, "నాకెందుకు అది" అని తోసేసింది. ఆమెకు నిజంగానే అక్కర్లేదు.

"అబ్బయ్యా, పోయినేడు ఇదే గుంటలో నీకు పంట బాగా వచ్చిందా లేదా?" అంది సంఘపెద్దతో.

"వచ్చింది."

"అప్పుడూ ప్రార్థన చేసింది ఈయనే గదా. ఆయన ప్రార్థన బలమని సాక్ష్యం చెప్పినావా?"

"అది... మేత మంచి కంపెనీదక్కా."

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"సరే. చేతులు ఎత్తుదాం. నేనేం వద్దన్లా. కానీ ముందు ఇంకో చెయ్యి ఎత్తండి" అంది. "ఆయనలో మీకు నచ్చనిది ఆయన ఎదురుగా కూసోని ఆయనతో చెప్పినోళ్ళు ఎత్తండి. ప్రార్థనలో గాదు. నా బెంచీ మీద గాదు. ఆయనతో."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అందరూ పక్కవాళ్ళ చేతుల వంక చూశారు. పక్కవాళ్ళూ అదే పనిలో ఉన్నారు. ఒక చెయ్యి లేచింది. అది పెద్దమ్మది.

సంఘపెద్దకు ఊపిరి వచ్చింది. "నువ్వేం చెప్పుంటావక్కా. వందనాలు చెప్పుంటావు." ఈసారి బాహాటంగానే నవ్వారు.

నేను గడప దగ్గర విన్నది చెప్పాలని నోరు తెరిచాను. పెద్దమ్మ నా వైపు ఒక చూపు చూసింది. మూసుకున్నాను.

అప్పుడు పక్క తలుపు దగ్గర అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ముందుకు వచ్చింది. ఆమె మా సంఘంలో వందనాలు తప్ప ఇంకో మాట మాట్లాడగా ఎవరూ వినలేదు. తలుపు రెక్క పట్టుకునే నిలబడి, "అక్క చెప్పింది. నేనుండా ఇంట్లో" అంది. "ఆమె చెప్పిపొయ్యినాక ఆయన రెండు పూటలు అన్నం తిన్లా."

నవ్వు ఆగిపోయింది. "ఏం చెప్పినావక్కా?" అన్నాడు సంఘపెద్ద. గొంతు తగ్గింది.

"అది నాకూ ఆయనకూ. నీది నువ్వు పొయ్యి చెప్పుకో. మీరందరూ పోండి. తలుపేసుకోని చెప్పండి, ఆయన చెప్పేది వినండి. చెప్పినాక ఆయన మారలేదంటే అప్పుడు రండి ఈడికి, ముందు చెయ్యి నేనెత్తతా. అంతదాకా ఈ మనిషిని ఈ ఊరి నుంచి ఎవరు కదిలిస్తారో నేనూ చూస్తా."

కూర్చుంది. సంఘపెద్ద మైకు నాకు తిరిగి ఇచ్చాడు. కూటం ముగిసిందని ఎవరూ చెప్పలేదు, ముగింపు ప్రార్థన కూడా ఎవరూ చేయలేదు. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

అయ్యగారు ఇప్పటికీ మా ఊళ్ళోనే ఉన్నారు. కూతురు పది పాసై, ఇంటరూ అయిపోయింది. ఆ కూటం తర్వాత చాలా రోజులు ఆయన ఇంటికి మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఆయన కాస్త చిక్కారు. ప్రసంగం ఒకటికి వచ్చింది. గట్ల మీదికి పిలిస్తే ఇప్పుడూ వెళతారు. "నీ చిత్తమైతే ప్రభువా" అని మొదలుపెట్టి, వెంటనే ముగిస్తారు. పాట మాత్రం అలాగే ఉంది. ఆ విషయం ఆయనతో చెప్పే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు, నాతో సహా.

కానీ పెద్దమ్మ అనగానే నాకు గుర్తొచ్చేది చర్చి కాదు. కూటం జరిగిన ఆ ఆదివారం సందేళ.

సముద్రం గాలి మళ్ళిన వేళ, ఆమె వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంది. నేను బెంచీ మీద ఉన్నాను. గెలిచావు కదా పెద్దమ్మా అని ఏదో అనబోతున్నాను. వీధి చివర సంఘపెద్ద కనిపించాడు. బండి లేదు, వెంట మనుషులు లేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కడే నడిచి వస్తున్నాడు. అయ్యగారి ఇంటి గేటు దగ్గర ఆగాడు. గేటు మీద చెయ్యి వేశాడు, తీశాడు. ఇటు తిరిగి చూశాడు. ఎదురు వరసలో పెద్దమ్మ. ఆమెను చూసి గేటు వదిలేసి, అటు నడిచిపోయేవాడిలా రెండడుగులు వేశాడు.

పెద్దమ్మ లేచింది. కుర్చీ ఎత్తి, వీధికి వీపు వచ్చేలా గోడ వైపు తిప్పి వేసుకుని, మళ్ళీ కూర్చుంది. చూడటానికి అటు గోడ తప్ప ఏమీ లేదు. సున్నం పెచ్చులు లేచిన గోడ.

కొంతసేపటికి గేటు కిర్రుమంది.

"పొయ్యినాడా లోపలికి?" అంది, గోడ వైపే చూస్తూ.

"పోతున్నాడు" అన్నాను మెడ చాచి.

"చూడొద్దు. నువ్వు గూడా ఇటు తిరుగు."

తిరిగాను.